ఇంకా గ్రహం కాదు

పోయిన వారం మనం అశ్రితను శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర, స్కూటీ పక్కకు ఆపి తల ఎత్తి చూస్తూ ఉండగా వదిలిపెట్టాం. ఆమె చూస్తున్నది ఆకాశాన్ని కాదు, తన మొహాన్నే. కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య కట్టిన ఫ్లెక్సీలో వాళ్ళ నాన్న నరసింహ రెండు చేతులూ జోడించి నిలువెత్తున నవ్వుతున్నాడు. ఆయన భుజం పక్కన గుండ్రటి చట్రంలో అశ్రిత. ఆ పైన ఎవరో కంప్యూటర్లో దొరికిందని తెచ్చి అతికించిన శనిగ్రహం, వలయాలతో సహా. 'మన శామీర్‌పేట బిడ్డ కనిపెట్టిన కొత్త గ్రహం! ప్లానెట్ సిటీ వెంచర్ ప్రారంభోత్సవం, శనివారం సాయంత్రం. అందరూ ఆహ్వానితులే.'

ఆ గ్రహం సంగతి ఇంకా తేలలేదని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకరు అశ్రిత. రెండోవారు ఆమెకు ఎమ్మెస్సీలో ఫిజిక్స్ చెప్పే రోజీ మేడం. ఏడాదిగా ఇద్దరూ కలిసి నరసింహ పొలంలో, బావి దగ్గరి గది డాబా మీద టెలిస్కోపు పెట్టి, మిథున రాశిలో కంటికి ఆనని ఒక నక్షత్రాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. దాని వెలుగు ఉండి ఉండి రూపాయిలో పైసా అంత తగ్గి, కొన్ని గంటల్లో మళ్ళీ మామూలుకు వస్తోంది. ఏదో దాని ముందు నుంచి దాటిపోతోంది. అది గ్రహమే కావచ్చు. లేదంటే అక్కడున్నది ఒక నక్షత్రం కాక రెండై, ఒకదానికొకటి అడ్డమొస్తూ తిరుగుతూ ఉండొచ్చు.

తేల్చే దారి ఒకటుంది. గ్రహమైతే ప్రతి మసకా, అంటే వెలుగు తగ్గిన ప్రతిసారీ, ఒకే లోతున ఉండాలి. రెండు నక్షత్రాలైతే చిన్నది పెద్దదాని ముందుకు వచ్చినప్పుడు ఒక లోతు, వెనక్కు పోయినప్పుడు ఇంకో లోతు. చిక్కేమిటంటే, వాళ్ళకు ఇంతవరకు దొరికిన మసకలన్నీ ఒకటి విడిచి ఒకటి. మధ్యలోవి పట్టపగలు వచ్చి పోయేవి. నెలలు గడిచేకొద్దీ ఆ పగటి మసకలు సాయంత్రం వైపు జరుగుతూ వచ్చాయి. మొట్టమొదటిసారి చీకట్లో పడబోతున్నది ఈ శనివారమే.

ఆ శనివారం ఇవాళే.

అశ్రిత ఫ్లెక్సీని చింపలేదు. చింపాలని చెయ్యి లేచిన మాట నిజం. స్కూటీ స్టార్ట్ చేసి అలియాబాద్ వైపు తిప్పింది.

వెంచర్ దగ్గరకు చేరేసరికి ఎండ ఇంకా దిగలేదు. నిరుడు వాళ్ళ మక్కచేను ఉన్న చోట ఎర్రమట్టి రోడ్లు, తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు. షామియానాలు లేస్తున్నాయి. బగారన్నం గుండిగలు పొయ్యిల మీదికి ఎక్కుతున్నాయి. నాలుగు మూలలా నాలుగు ఎత్తైన లైటు స్తంభాలు పాతారు. వాటిల్లో ఒకటి సరిగ్గా బావి గదికి ఎదురుగా ఉంది. దాని లైట్లు తిన్నగా డాబా మీదికే తిరిగి ఉన్నాయి.

నరసింహ స్టేజీ ముందు కుర్చీలు వేయిస్తున్నాడు. కూతుర్ని చూడగానే ఎదురొచ్చాడు.

"అగో, వచ్చింది నా బిడ్డ! జల్దీ ఇంటికి పోయి మంచి చీర కట్టుకొని రా. ఫంక్షన్ల మొదలు నిన్నే పిలుస్తరు. రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

"బాపూ, గా ఫ్లెక్సీ ఎవరు పెట్టుమన్నరు?"

"నేనే. కట్ట కాడ ఒకటి, మేడ్చల్‌ల ఒకటి, దుండిగల్‌ల మీ కాలేజీ ముంగట రెండు. ఎట్లున్నయి?"

"గది ఇంకా గ్రహం కాదు బాపూ."

"కాకుంటే అయితది."

"అయితదో కాదో ఎవ్వలకు ఎరుక లేదు. రోజీ మేడంకే ఎరుక లేదు. నీకెట్ల ఎరుకైంది?"

నరసింహ నవ్వాడు. "నువ్వే గదనే చెప్పినవ్! అన్నం తినుకుంట తినుకుంట లేచి, అడ్డమొస్తాంది బాపూ, ఏదో అడ్డమొస్తాంది అని గంతులేసినవ్."

"అడ్డమొస్తాంది అన్న. గ్రహమని అన్ననా?"

"ఎందుకట్ల ముక్కలు ముక్కలు జేస్తవ్? రోడ్డు ఏస్తమని ముందు చెప్తం, ఎన్క ఏస్తం. లోకమంత గట్లనే నడుస్తాంది."

"రోడ్డు నీ చేతుల ఉన్నది. నక్షత్రం ఎవ్వల చేతుల లేదు." అశ్రిత స్తంభం వైపు చూపించింది. "సరే, గది పక్కకు పెట్టు. గీ లైట్లు ఇయ్యాల ఎయ్యకు. చీకటి పడంగనే మసక మొదలైతది. గంత వెలుగుల మాకు ఏం కనవడది."

"ఏందే, మజాకా? మా పార్టీ పెద్దసారు వచ్చేదే బటన్ ఒత్తనీకి. చీకట్ల ప్లాట్లు ఎవడు చూస్తడు?"

"ఇయ్యాల ఒక్కనాడేనా వెలిగేది?"

"ఒక్కనాడేంది? ఇగ రోజూ వెలుగుతయి. గందుకే గదా పెట్టింది."

అశ్రిత ఆ స్తంభం వైపు మళ్ళీ చూసింది. అంతవరకు ఆమె ఇవాళ్టి గురించే ఆలోచిస్తూ వచ్చింది. ఇవాళ వెలిగితే రేపు, ఎల్లుండి, ఆ తర్వాత ప్రతి రాత్రీ ఆ డాబా మీద పగలే.

ఆమె మొహం చూసి నరసింహ గొంతు తగ్గించాడు. చెయ్యి పట్టుకుని షామియానా చాటుకు తీసుకుపోయాడు.

"నీకు తెల్వదు బిడ్డా. నువ్వు రాత్రిళ్ళు బావి కాడ ఉంటున్నవని మేడ్చల్‌ల నలుగురు నాలుగు తీర్ల మాట్లాడుతుండ్రు. నా ముంగటనే. నరసింహ బిడ్డ పొలం కాడ సుక్కలు చూస్తదంట, ఇంకేం చూస్తదో అని నవ్విండ్రు. నేను నీతోని ఒక్క మాట అన్ననా? పోవద్దన్ననా? గా నోర్లు మూయించనీకే పెట్టిన ఫ్లెక్సీలు."

అశ్రిత ఈ మాటలేవీ ఇంతవరకు వినలేదు. ఎన్నికల్లో నిలబడటానికి పార్టీ టికెట్ కోసమే ఇదంతా అని ఆమె అనుకుంది. టికెట్ కోసం కూడా అయి ఉండొచ్చు. కానీ ఇన్ని నెలలు ఆ మాటలు పడి, ఇంటికొచ్చి, ఆమె ప్లేటులో ఇంకో ముక్క వేసి తినమన్న మనిషి ఈయనే. ఒక్క నిమిషం ఆమెకు ఒప్పేసుకోవాలనిపించింది. స్టేజీ ఎక్కి, నవ్వి, దండం పెట్టి దిగిపోతే ఏం పోతుంది?

"మరి గా ఫ్లెక్సీల రోజీ మేడం పేరు ఏది బాపూ?"

నరసింహ చూపు తిప్పుకున్నాడు. "గామెను ఇక్కడ ఎవరు గుర్తువడతరు? ఓట్లేసేటోళ్ళకు నువ్వు కావాలె."

"మొదటి మసక పట్టింది మేడం. ఈ పని నాకు నేర్పింది మేడం." అశ్రిత చెయ్యి విడిపించుకుంది. "నా కోసం మాటలు పడ్డవ్. నాకు తెల్వదు. కని వాళ్ళ నోరు మూయించనీకి అబద్ధం వద్దు. రేపు గది తప్పని తేలితే, గవే నోర్లు ఇంకింత తెరుస్తరు."

"చెప్పింది చెయ్యి అశ్రితా." ఇప్పుడా గొంతులో నవ్వు లేదు. "స్టేజీ ఎక్కు, దండం పెట్టు, దిగు. లైట్లు మాత్రం వెలుగుతయి."

"ఎక్కుత. ఏం మాట్లాడాల్నో మాత్రం నేనే చూసుకుంట."

*

రోజీ మేడం గుండ్లపోచంపల్లి నుంచి యాక్టివా మీద వచ్చి, అప్పటికే టెలిస్కోపు మీది కవరు తీసేసింది. నలభై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో అందరితో పాటలు పాడించే గొంతు. క్లాసులో ఆ గొంతు వింటే వెనక బెంచీలు కూడా నిటారుగా కూర్చుంటాయి.

"ఫ్లెక్సీ చూసిన," అంది, కేబుల్ బిగిస్తూనే. "నా ఫొటో లేకపోవుడే మంచిగైంది. నేను ఫొటోల బాగ రాను."

"నవ్వకండి మేడం."

"ఏడ్వమంటవా? మీ బాపుతోని కొట్లాడకు. ఆయన జాగ, ఆయన ఇష్టం. ఏడాది ఇచ్చిండు, అదే ఎక్కువ. ఇంకెక్కడన్న చూసుకుందాం."

"ఎక్కడ మేడం? మీ ఇంటి చుట్టు గోదాములు, రాత్రంత లారీలు. కాలేజీ మీద హాస్టల్ లైట్లు. గాజులరామారంల మా మేనత్త ఇంటి మీద నుంచి చూస్తే చందమామ తప్ప ఇంకేం లేదు. మనకు మిగిలిన చీకటంత ఇదొక్కటే."

రోజీ మేడం పని ఆపి ఆమె వైపు తిరిగింది. "చీకటి సంగతి నా చేతుల లేదు. ఒక్కటి అడుగుతా. ఇప్పటికి మన దగ్గర ఉన్నది అనుమానం. అనుమానాన్ని అనుమానమనే చెప్పాలె. గా స్టేజీ మీద నువ్వు గ్రహమని అన్నవంటే, రేపటి నుంచి మనిద్దరం కలిసి పని చేసుడు కష్టం."

"అననని తెలుసు గదా మేడం."

"తెలుసు. అయినా అడిగిన. ఇంత మంది చప్పట్లు కొడుతుంటే నాకైనా నాలుక జారొచ్చు."

కింద మైకు గరగరలాడింది. 'చెక్, చెక్' అని ఎవరో అన్నారు.

*

పొద్దు గూకింది. పడమట కొంచెం ఎరుపు మిగిలి ఉంది. కుర్చీలన్నీ నిండి, జనం రాళ్ళ మీద కూడా కూర్చున్నారు. స్టేజీ మీద తెల్లబట్టల పెద్దసారు, పక్కన నరసింహ. వాళ్ళ ముందు బల్ల మీద రిబ్బను చుట్టిన ఎర్ర బటన్.

"ఇప్పుడు మన గ్రహం అమ్మాయి..." అని యాంకర్ పిలిచాడు. పొద్దుట వేసుకున్న కాటన్ చుడీదార్‌తోనే అశ్రిత మైకు ముందుకు వచ్చింది. మైకు స్టాండును గట్టిగా పట్టుకుంది.

"అందరికి నమస్తే. ఫ్లెక్సీల రాసింది తప్పు."

చప్పట్లు కొట్టబోయిన చేతులు ఆగిపోయాయి.

"నేను గ్రహం కనిపెట్టలే. ఒక నక్షత్రం వెలుగు తగ్గుతాందని మొదలు చూసింది మా రోజీ మేడం. అగో, గా డాబా మీద ఉన్నరు. ఆమె దగ్గర నేను నేర్చుకుంటున్న. అడ్డమొచ్చేది గ్రహమా, ఇంకో నక్షత్రమా, ఇంకా తేలలే. తేలనీకి ఇయ్యాల్నే మోకా. ఇంకింతసేపట్ల మొదలైతది. కని గీ లైట్లు వెలిగితే ఇయ్యాల తేలది, ఇగ ఇక్కడ ఎన్నడు తేలది. గ్రహం ఉందని చెప్పుకునుడు కావాల్నా మీకు, నిజంగ ఉందో లేదో చూసుడు కావాల్నా?"

"రెండు కావాలె!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు లేచాయి.

పెద్దసారు కూడా నవ్వుతూ లేచి, ఆమె చేతిలో నుంచి మైకు మెల్లగా తీసుకున్నాడు. "చదువుకున్న పిల్ల. చూసిండ్రా, ఎంత అణకువ!" అన్నాడు. అని, బటన్ నొక్కాడు.

నాలుగు మూలలా ఒక్కసారి తెల్లటి వెలుగు విరుచుకుపడింది. జనం ఓహో అన్నారు. మిగిలిన ఆ కాస్త ఎరుపూ, అప్పుడప్పుడే పొడుస్తున్న చుక్కలూ మాయమయ్యాయి. అంత వెలుగులో డాబా మీద రోజీ మేడం పిడికెడంత మనిషిలా కనిపించింది. తన చున్నీ తీసి టెలిస్కోపు మూతికి అడ్డం పడుతోంది.

అబద్ధం చెప్తే నమ్మేవాళ్ళు. నిజం చెప్తే అణకువ అన్నారు. అశ్రిత స్టేజీ దిగి, కుర్చీల వైపు కాకుండా వెనక్కి నడిచింది.

స్టేజీ వెనక కరెంటు బోర్డు దగ్గర కుర్మయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆ చేను మోటారు బాగుచేసిన రోజుల నుంచి ఆ ఇంట్లో కరెంటు పనులన్నీ ఆయనవే. ఆమె నడక చూసి లేచాడు.

"బిడ్డా, వద్దు. నా నౌకరి పోతది."

"నువ్వు ముట్టకు కాకా. అడిగినోళ్ళకు నేనే గుంజిన అని చెప్పు."

మెయిన్ స్విచ్ పిడి ఆమె అనుకున్నదానికన్నా బిగుసుగా ఉంది. రెండు చేతులూ వేసి కిందికి లాగింది.

లైట్లు పోయాయి. మైకు పోయింది. పిల్లలు కేకలు పెట్టారు, తల్లులు పేర్లు పెట్టి పిలిచారు, పదుల కొద్దీ ఫోన్ల లైట్లు వెలిగాయి. ఆ వెలుగుల్లో నుంచి నరసింహ వచ్చాడు. అశ్రిత బోర్డుకు వీపు ఆనించి నిలబడింది.

"మెయిన్ ఎయ్యి అశ్రితా."

"ఎయ్య."

"ఇజ్జత్ తీసినవ్ నాది. ఇంతమంది ముంగట, పెద్దసారు ముంగట."

"నువ్వు తెలిసి అబద్ధం చెప్పినవని రేపు అనిపించుకోవద్దని ఆపిన. కొట్టాలంటే కొట్టు బాపూ. లైటు మాత్రం ఎయ్యనియ్య."

నరసింహ చెయ్యి నిజంగానే లేచింది. ఎక్కడికి పోవాలో తెలియనట్టు గాలిలో ఆగి, కిందికి దిగింది. రోడ్డు వైపు కారు స్టార్ట్ అయింది. దాని హెడ్‌లైట్లు జనం మీదుగా ఒకసారి తిరిగాయి.

"అన్నా! సారు పోతుండు! ఉరుకు, ఉరుకు!" అని ఎవరో అరిచారు.

నరసింహ అటు చూశాడు. నాలుగు అంగలు వేస్తే కారు అందుతుంది. కాళ్ళు పట్టుకుని, పిల్లది తెలియక చేసిందంటే టికెట్ మిగిలినా మిగులుతుంది. ఆయన మళ్ళీ కూతురి వైపు తిరిగాడు.

"ఒకాల గది గ్రహం కాకుంటే ఏం జేస్తవ్?"

"కాదని నేనే చెప్త. గీ మైకులనే, గీ మనుషులకే."

"నవ్వుతరు."

"నవ్వనీ. నీ మీద నవ్వినా నువ్వు నన్ను ఆపలే గదా బాపూ. నా మీద నవ్వితే నేనెందుకు ఆగాలె?"

కారు మలుపు తిరిగింది. దాని చప్పుడు అలియాబాద్ వైపు దూరమైపోయింది. నరసింహ గట్టిగా ఊపిరి వదిలాడు. తర్వాత జనం వైపు తిరిగి, మైకు లేకుండానే, ఒకప్పుడు ఈ చేను ఈ చివర నుంచి ఆ చివరి కూలీలను పిలిచిన గొంతుతో అరిచాడు.

"ఏయ్, ఫోన్ల లైట్లు బంద్ జేయుండ్రి! కూసోండ్రి అందరు! నా బిడ్డ ఏందో చూస్తదంట. చూడనియ్యుండ్రి. బగారన్నం చీకట్ల గూడ నోట్లకే పోతది!"

ఎవరో నవ్వారు. ఒకటి ఆరింది. తర్వాత ఇంకొకటి. కాసేపటికి ఆ నేలంతా మళ్ళీ చేనులా నల్లగా అయింది. పైన చుక్కలు ఒక్కొక్కటే తేరుకున్నాయి.

*

లాప్‌టాప్ తెర మీద ఎర్రటి చుక్కలు వరుసగా పడుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో ఫొటో. ఆ ఫొటోలో నక్షత్రం వెలుగు ఎంత ఉంటే అంత ఎత్తున చుక్క పడుతుంది. మొదట అన్నీ ఒకే గీత మీద నడిచాయి. తర్వాత మెల్లగా కిందికి వంగాయి.

"వచ్చింది మేడం!" అశ్రిత తెర దగ్గరికి జరిగింది. "చెప్పిన టైముకే వచ్చింది."

పాత మసకలన్నీ ఆగిన లోతు దగ్గర తెర మీద రోజీ మేడం ముందే ఒక పచ్చగీత గీసి పెట్టింది. చుక్కలు ఆ గీతను చేరాయి. ఇక అక్కడ ఆగాలి.

ఆగలేదు. గీత దాటి ఇంకా కిందికి దిగుతున్నాయి.

"మబ్బా?" అంది అశ్రిత.

రోజీ మేడం అదే ఫొటోల్లో ఉన్న పక్క నక్షత్రాల వెలుగు తీసి చూసింది. అవన్నీ నిలకడగా ఉన్నాయి. మబ్బు కాదు, పొగ కాదు. తగ్గుతున్నది ఆ ఒక్కదాని వెలుగే.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. నరసింహ పైకొచ్చాడు. వెనకాల నలుగురైదుగురు, వాళ్ళలో మేడ్చల్‌వాళ్ళూ ఉన్నారు.

"ఏమైంది బిడ్డా? గ్రహమేనా?"

అశ్రిత లేచి నిలబడింది. రేపటి దాకా ఆగమని చెప్పొచ్చు. ఎవరూ తప్పు పట్టరు. ఆమె తెరను వాళ్ళందరికీ కనపడేలా తిప్పింది.

"కానట్టే కనవడతాంది బాపూ. పచ్చగీత కాడ ఆగాలె. ఆగలే. రెండు నక్షత్రాలై ఉంటయి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నరసింహ ఆ వైపు తల తిప్పి చూశాడు. నవ్వు ఆగింది. ఆయన పిట్టగోడ మీద కూర్చుని కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నడుమల వదిలిపెట్టకు," అన్నాడు. "మొదలువెట్టినవ్ గదా. ఆఖరి దాక చూడు."

అశ్రితకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని తెర వైపు తిరిగేసరికి రోజీ మేడం గబగబా ఏదో చేస్తోంది. చెదురుమదురుగా ఉన్న చుక్కలను గుంపులు గుంపులుగా కలిపి, ఒక్కో గుంపుకూ ఒకే చుక్క పెడుతోంది. చెదురు పోయి, గీత స్పష్టంగా తేలింది. అది ఏటవాలుగా జారలేదు. పచ్చగీత దాకా దిగింది, అక్కడ కొంతసేపు తిన్నగా నడిచింది, తర్వాత మళ్ళీ దిగింది. మెట్టు మెట్టుగా.

రోజీ మేడం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పాటలు పాడించే ఆ గొంతు ఇప్పుడు గుసగుసలా వచ్చింది.

"అశ్రితా, రెండు నక్షత్రాలైతే మెట్టు రాదు. మొదటిది ఇంకా నక్షత్రం ముందే ఉన్నది. దాని ఎన్కనే ఇంకోటి గూడ అడ్డమొచ్చింది. ఒకటి కాదు, రెండు గ్రహాలై ఉండొచ్చు."